ఉద్యోగంలో అసంతృప్తి - సలహా సంప్రదింపులు

ఉద్యోగం లేనివాడి బాధ నలుగురికీ కనిపిస్తుంది. ఉద్యోగం ఉండి కూడా అందులో నలిగిపోతున్నవాడి బాధ ఇంట్లోవాళ్లకు సైతం చాలాసార్లు తెలియదు. డిగ్రీ చదివి మందుల దుకాణంలో రాత్రి పదకొండు దాకా నిలబడే యువకుడు, బీఎడ్ చేసి ప్రైవేటు పాఠశాలలో రిజిస్టరులో ఒక జీతానికి సంతకం పెట్టి చేతికి అందులో సగమే అందుకునే ఆడపిల్ల, ఇంజనీరింగ్ పట్టా చేతపట్టుకుని రాత్రంతా ఫోన్లకు జవాబులు చెప్పే కుర్రాడు - ఇలాంటివారు మన ప్రతి మొహల్లాలోనూ ఉన్నారు. వీరిలో ఎవరైనా ఒకరోజు నోరు విప్పి "ఈ పని నాకు సరిపడటం లేదు, ఏం చేయమంటారు?" అని అడిగితే మన ఇళ్లలో సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. "ఉన్నదాన్ని కాలదన్నుకోకు, షుక్ర్ చెయ్యి" అన్నది ఒకటి. "మానెయ్ బేటా, రిజ్ఖ్ ఇచ్చేవాడు అల్లాహ్" అన్నది మరొకటి.

రెండు జవాబుల్లోనూ ధర్మానికి సంబంధించిన మాటలే ఉన్నాయి. కృతజ్ఞత విశ్వాసి లక్షణం. ఉపాధి ప్రదాత అల్లాహ్ అన్నది మన విశ్వాసం. కానీ అడిగినవాడి ప్రశ్నకు ఈ రెండూ జవాబు కావు. మొదటి మాట అతని నోరు మూయిస్తుంది. రెండో మాట ఆలోచన లేకుండా అతన్ని వీధిలోకి పంపుతుంది. మొదటి మాట విన్నవాడు ఏళ్ల తరబడి లోలోపల కుమిలి, ఆ కోపాన్ని భార్యాబిడ్డల మీద చూపుతాడు. రెండో మాట విన్నవాడు మూడు నెలల్లో వడ్డీ అప్పుల పాలవుతాడు. ఈ రెంటికీ మధ్య ఒక దారి ఉంది. ఉద్యోగంలో ఉండగానే, ఆ ఉద్యోగపు బాధ్యతను నిజాయితీగా నెరవేరుస్తూనే, తెలిసినవారి దగ్గరకు వెళ్లి తన శక్తి ఏమిటో, తనకు తగిన పని ఏమిటో సలహా అడగడం. ఈ దారి ఆధునికులు కొత్తగా కనిపెట్టింది అనుకుంటే పొరపాటు. దైవప్రవక్త (సఅసం) జీవితంలో దీనికి చక్కని నమూనాలున్నాయి.

అసంతృప్తి ఎక్కడిది?

సలహా అడగబోయే ముందు మనిషి తనను తాను ఒక ప్రశ్న వేసుకోవాలి: నాకీ పనిలో నచ్చనిది ఏమిటి? అసంతృప్తులన్నీ ఒక జాతికి చెందినవి కావు.

కొందరి బాధ హలాల్ హరామ్‌లకు సంబంధించినది. వడ్డీ లెక్కలు రాయవలసి రావడం, మద్యం అమ్మే చోట పనిచేయవలసి రావడం, సరుకు గురించి అబద్ధం చెప్పి అమ్మవలసి రావడం. వడ్డీ తినేవారితో పాటు దాన్ని రాసేవారిని, దానికి సాక్షులుగా నిలిచేవారిని కూడా ప్రవక్త (సఅసం) శపించారని ముస్లిం హదీసు గ్రంథంలో ఉంది. అందువల్ల ఈ కలత విశ్వాసం బతికి ఉందనడానికి గుర్తు. దీన్ని అణచుకోకూడదు. తాను చేసే పని వివరాలన్నీ చెప్పి, నమ్మకమైన ధర్మవిద్వాంసుడిని అడగాలి. ఎంత త్వరగా వేరే దారి చూసుకోవాలో, అంతవరకు ఏం చేయాలో తెలుసుకోవాలి.

కొందరి బాధ అన్యాయం వల్ల కలిగింది. జీతం నెలల తరబడి ఇవ్వకపోవడం, నమాజుకు పది నిమిషాలు వదలకపోవడం, అవమానించి మాట్లాడటం. పని చేయించుకుని కూలి ఇవ్వనివాడికి ప్రళయదినాన తాను ప్రతివాదినని అల్లాహ్ ప్రకటించినట్లు బుఖారీ హదీసులో ఉంది. ఇది యజమానులైన మన సోదరులు కూడా చెవిన పెట్టవలసిన మాట. ఈ బాధకు ఓర్పు ఒక్కటే మందు కాదు. హక్కు అడగడం కూడా ధర్మమే.

మూడో రకం, పని మంచిదే, యజమానీ మంచివాడే, కానీ ఆ పనికీ ఈ మనిషికీ పొసగదు. లెక్కల్లో దిట్ట అయినవాడు అమ్మకాల పనిలో, మాటకారి అయినవాడు గోదాములో చిక్కుకుపోయిన సందర్భాలివి. సలహాదారు అవసరం ఎక్కువగా ఉన్నది ఇక్కడే.

నాలుగో రకం కూడా ఉంది. దాన్ని దాచిపెట్టి లాభం లేదు. పక్కింటివాడి కారు చూసి, తోడల్లుడి జీతం విని, నిన్నటిదాకా బాగున్న ఉద్యోగం ఇవాళ చేదయిపోవడం. ప్రాపంచిక విషయాల్లో మనకంటే పైవారిని కాక, కిందివారిని చూడమని ప్రవక్త (సఅసం) బోధించింది ఈ జబ్బుకే. షుక్ర్ చెయ్యమన్న పెద్దల మాట సరిగ్గా వర్తించేది ఇక్కడ. దాన్ని మొదటి మూడు రకాలవారికి కూడా ఒకే మందుగా పంచడం వల్లనే చిక్కు వస్తోంది.

ప్రవక్త సలహా ఇచ్చిన తీరు

అబూదావూద్ గ్రంథంలో ఒక సంఘటన ఉంది. అన్సారులలో ఒకరు యాచిస్తూ ప్రవక్త (సఅసం) దగ్గరకు వచ్చారు. ప్రవక్త (సఅసం) ఆయన్ను మందలించలేదు, ఊరికే నాలుగు నాణేలిచ్చి పంపనూ లేదు. ఇంట్లో ఏముందని అడిగారు. సగం పరుచుకుని సగం కప్పుకునే ఒక గుడ్డ, నీళ్లు తాగే ఒక గిన్నె ఉన్నాయని తేలింది. వాటిని తెప్పించి వేలం వేశారు. రెండు దిర్హములు వచ్చాయి. ఒకదానితో ఇంటికి తిండి, మరొకదానితో గొడ్డలి కొనమన్నారు. ఆ గొడ్డలికి స్వయంగా తమ చేతులతో పిడి అమర్చి, కట్టెలు కొట్టి అమ్ముకోమని, పదిహేను రోజుల దాకా కనిపించవద్దని చెప్పారు. గడువు ముగిసేసరికి ఆయన పది దిర్హములు సంపాదించి, బట్టలూ ఆహారమూ కొనుక్కున్నారు.

ఈ రోజుల్లో కెరీర్ కౌన్సెలింగ్ పేరుతో చేసే పనులన్నీ ఈ ఒక్క సంఘటనలో కనిపిస్తున్నాయి. ముందు ఉన్నదేమిటో లెక్క చూశారు. ఇంటి అవసరాన్నీ, భవిష్యత్తు పెట్టుబడినీ విడదీశారు. ఆ మనిషి చేయగల పని చూపించారు. పనిముట్టు సిద్ధం చేసి ఇచ్చారు. గడువు పెట్టారు. గడువు తర్వాత ఫలితం చూశారు. సలహా అంటే రెండు మంచి మాటలు చెప్పి పంపడం అనుకునే మనమంతా ఆ గొడ్డలి పిడిని గుర్తుపెట్టుకోవాలి.

మనిషికి తగిన పని అప్పగించడంలో కూడా ఆయన దృష్టి నిశితమైనది. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) చిన్న వయసులోనే గొప్ప జ్ఞాపకశక్తి గలవారు. యూదుల రాతను నేర్చుకోమని ప్రవక్త (సఅసం) ఆయన్ను ఆదేశించారు. సగం నెల తిరగకుండానే నేర్చుకున్నారని తిర్మిజీ హదీసు తెలుపుతోంది. ఉత్తర ప్రత్యుత్తరాల పని ఆయన చూసేవారు. తర్వాతి కాలంలో ఖుర్ఆన్ ప్రతిని సేకరించి కూర్చే మహత్కార్యం ఆయన చేతిమీదుగానే జరిగింది. మరోవైపు, హజ్రత్ అబూజర్ (రజి) వంటి మహాభక్తుడు తనకు అధికార పదవి ఇవ్వమని అడిగితే, మీరు ఈ పనికి బలహీనులు, ఇది ఒక అమానత్ అని ప్రవక్త (సఅసం) ప్రేమతోనే సూటిగా చెప్పారు. భక్తిలో ఎవరికీ తీసిపోని మనిషి కూడా ప్రతి పనికీ తగడు. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

తన సామర్థ్యాన్ని తాను తెలుసుకుని చెప్పుకోవడం అహంకారమని కొందరు సందేహిస్తారు. హజ్రత్ యూసుఫ్ (అలై) ఈజిప్టు రాజుతో తనను ధాన్యాగారాలపై నియమించమని, తాను కాపాడగలవాడినీ తెలిసినవాడినీ అని విన్నవించుకున్న వైనాన్ని ఖుర్ఆన్ ప్రస్తావించింది. అవసరమైన చోట, నిజమైనంత మేరకు తన అర్హతను చెప్పుకోవడంలో దోషం లేదనడానికి విద్వాంసులు ఈ ఘట్టాన్ని ఆధారంగా చూపుతారు. అలాగే మదీనాకు వట్టి చేతులతో వలస వచ్చిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కి అన్సారు సోదరుడు తన ఆస్తిలో సగం ఇవ్వజూపితే, ఆయన దానికి దీవించి, బజారు ఎక్కడుందో చూపించమన్నారు. తాను వ్యాపారినని ఆయనకు తెలుసు. ఆయన అడిగిన సాయం దారి చూపడం ఒక్కటే.

ఇక తవక్కుల్ మాట. ఒంటెను కట్టేసి భరోసా పెట్టుకోమన్న హదీసు అందరికీ తెలిసిందే. ఉదయం ఖాళీ కడుపుతో వెళ్లి సాయంత్రం నిండు కడుపుతో తిరిగివచ్చే పక్షుల ఉపమానం కూడా తెలిసిందే. ఆ పక్షి గూడు వదిలి ఎగిరి వెళ్తుందన్న సంగతి మనం మరచిపోతున్నాం. విచారించడం, అడగడం, నేర్చుకోవడం ఆ ఎగరడంలో భాగాలు.

ఎవరిని అడగాలి?

మొట్టమొదట ఇంట్లో. ఉద్యోగం మారితే దాని ప్రభావం మొదట పడేది పొయ్యి మీద. పసిబిడ్డ చేత పాలు మాన్పించే విషయంలో సైతం తల్లిదండ్రులు పరస్పరం సంప్రదించుకోవాలని ఖుర్ఆన్ సూచించింది. అలాంటప్పుడు ఇల్లు గడిచే దారి మార్చేటప్పుడు భార్యకు చెప్పకపోవడం ఎలా సబబు? హుదైబియా రోజున అనుచరులంతా దుఃఖంలో ఉండగా, ప్రవక్త (సఅసం) తమ సతీమణి హజ్రత్ ఉమ్మె సలమా (రజి) సలహా పాటించారు. చిక్కు విడిపోయింది. ఉద్యోగం చేస్తున్న ఆడపిల్లల విషయంలోనూ అంతే. ఆమె పని గురించి తండ్రీ అన్నలూ తమలో తాము తీర్మానించేసి, ఆమెను మాత్రం అడగని ఇళ్లు మనలో తక్కువేమీ లేవు.

తర్వాత అడగవలసింది ఆ పని తెలిసినవారిని. గౌరవనీయుడన్న కారణంతో ప్రతి విషయమూ ఒకే పెద్దమనిషిని అడిగితే పని జరగదు. నర్సింగ్ గురించి నర్సును, విదేశీ కొలువు గురించి అక్కడ చేసి వచ్చినవారిని, పోటీ పరీక్ష గురించి దాన్ని రాసినవారిని అడగాలి. సలహా అడగబడినవాడు అమానత్ మోసేవాడని ప్రవక్త (సఅసం) చెప్పారు. కనుక తెలియనిది తెలియదని చెప్పడం, విన్న రహస్యాన్ని బయటపెట్టకపోవడం, తన లాభం చూసుకోకపోవడం అతని విధులు. ఫలానా యజమాని ఎలాంటివాడని నిజాయితీగా అడిగినప్పుడు అవసరమైనంత మేరకు నిజం చెప్పడం గీబత్ కిందకు రాదని ఇమామ్ నవవీ వివరించారు.

ఉచితంగా దారి చూపే ప్రభుత్వ ఏర్పాట్లు కూడా ఉన్నాయి. జిల్లా ఉపాధి కల్పనా కార్యాలయాలు ఉన్నాయి. కేంద్ర కార్మిక శాఖ 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్ ద్వారా ఉద్యోగ సమాచారం, వృత్తి సలహా రుసుము లేకుండా లభిస్తాయి. గ్రామీణ యువతకు బ్యాంకుల ఆధ్వర్యంలో జిల్లాల్లో నడిచే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉచితంగా పని నేర్పుతాయి. కొలువు చేస్తూనే చదువుకోదలచినవారికి 1982లో ఏర్పడిన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఉర్దూ మాధ్యమం వారికి 1998లో హైదరాబాదులో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం దూరవిద్య కోర్సులు నడుపుతున్నాయి. వీటి గడప తొక్కకుండానే "మనకెవరు చెబుతారు?" అని నిట్టూర్చేవారు మనలో చాలామంది.

డబ్బు తీసుకుని వృత్తి సలహా ఇచ్చేవారు కూడా ఇప్పుడు పట్టణాల్లో ఉన్నారు. శ్రమకు రుసుము తీసుకోవడం తప్పు కాదు, ఇచ్చి సలహా పొందడమూ తప్పు కాదు. కానీ సలహా అమ్మేవాడు వేరు, ఉద్యోగం అమ్ముతానని చెప్పేవాడు వేరు. ఇంత కడితే నియామక పత్రం ఖాయమనేవాడిని, అసలు సర్టిఫికెట్లు తన దగ్గర పెట్టమనేవాడిని, అనుభవం లేకున్నా ఉన్నట్లు కాగితం పుట్టిస్తాననేవాడిని దగ్గరకు రానివ్వకూడదు. అబద్ధపు అనుభవ పత్రంతో మొదలైన జీతంలో బర్కత్ ఎలా వెతుక్కుంటాం?

సలహాతో పాటు ఇస్తిఖారా. ఖుర్ఆన్ సూరా నేర్పినంత శ్రద్ధగా ప్రవక్త (సఅసం) తమకు ఇస్తిఖారా నేర్పేవారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. రెండు రకాతుల నఫిల్ నమాజు చేసి, ఏది మేలో దాన్ని సులభం చేయమని అల్లాహ్‌ను వేడుకోవడమే ఇది. కలలో ఏదో కనబడాలన్న షరతు ఆ హదీసులో లేదు. విచారణ, సంప్రదింపు, ఇస్తిఖారా - ఈ మూడూ కలిసి నడవాలి. నమాజు చేశాను కాబట్టి విచారించనక్కరలేదనడం, విచారించాను కాబట్టి నమాజు ఎందుకనడం రెండూ లోపాలే.

వదిలే ముందు

ఆవేశంలో రాజీనామా ఇచ్చేవారు తమ హక్కులే పోగొట్టుకుంటారు. శాశ్వత ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే సాధారణంగా 5 సంవత్సరాల నిరంతర సేవ ఉండాలి. ఉద్యోగుల పింఛను పథకం కింద నెలవారీ పింఛనుకు 10 సంవత్సరాల సేవ కావాలి. నాలుగేళ్లు దాటిన తర్వాత, తొమ్మిదేళ్లు నిండిన తర్వాత కొన్ని నెలలు ఆగలేక మానేస్తే నష్టం ఎంతో లెక్క వేసుకోవాలి. కొత్త కొలువులో చేరినప్పుడు పాత భవిష్యనిధిని తీసి ఖర్చు చేయకుండా కొత్త ఖాతాలోకి బదిలీ చేయించుకుంటే సేవాకాలం కలుస్తుంది. కొన్ని నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉంటేనే మార్పుకు దిగడం మంచిది. వడ్డీ అప్పు గడప తొక్కకుండా కాపాడేది ఆ కాస్త పొదుపే.

గల్ఫ్‌లో ఉన్న మన కడప, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల సోదరులకు ఈ విషయం మరింత ముఖ్యం. అక్కడ నచ్చక కఫీల్ దగ్గర నుంచి చెప్పకుండా వెళ్లిపోతే హురూబ్ నమోదై, ఇఖామా చెల్లక, ఇంటికి రాలేని స్థితి ఏర్పడుతుంది. ఖతర్ 2020లో, సౌదీ అరేబియా 2021 మార్చిలో యజమాని అనుమతి లేకుండా కొన్ని షరతులపై ఉద్యోగం మారే వీలు కల్పించాయి. అయితే సౌదీలో నాడు వచ్చిన మార్పు ఇంటి పనివారికి, ఇంటి డ్రైవర్లకు వర్తించలేదు. తమ వీసా ఏ కోవలోనిదో భారత రాయబార కార్యాలయాన్ని అడిగి తెలుసుకున్న తర్వాతే అడుగు వేయాలి. పక్క గదిలోని స్నేహితుడి మాట ఇక్కడ చాలదు.

ఇంకొక మాట. వెళ్లిపోదామనుకున్న ఉద్యోగం కూడా వెళ్లిపోయే రోజు వరకు అమానతే. పని వేళల్లో దొంగచాటుగా వేరే కొలువు వెతకడం, ఇంటర్వ్యూ కోసం జ్వరమని అబద్ధం చెప్పడం, ఎలాగూ పోతున్నాం కదా అని పని పాడుచేయడం విశ్వాసికి తగవు. ఒప్పందాలు నెరవేర్చమని ఖుర్ఆన్ ఆదేశం. ముందుగా నోటీసు ఇస్తామని సంతకం చేసి ఉంటే ఆ గడువు కూడా ఒప్పందంలో భాగమే. హజ్రత్ మూసా (అలై) మద్యన్‌లో ఒప్పుకున్న ఏళ్లు పూర్తిగా పనిచేసిన తర్వాతే కుటుంబంతో బయలుదేరారు. ఆ ప్రయాణంలోనే తూర్ పర్వతం దగ్గర ఆయనకు ప్రవక్త పదవి లభించింది.

మస్జిదు కమిటీలకు ఒక విన్నపం

మన మస్జిదులలో జుమా నాడు వందల మంది కూడుతారు. ఆ వరుసల్లో రిటైరైన హెడ్‌మాస్టర్లుంటారు, ఇంజనీర్లుంటారు, బ్యాంకు పని మాని సొంత వ్యాపారం పెట్టుకున్నవారుంటారు, పాతికేళ్లు దుబాయిలో గడిపి వచ్చినవారుంటారు. పక్కనే ఉద్యోగంలో దారి తెలియని యువకుడు కూడా ఉంటాడు. భుజాలు కలిపి నిలబడతారు, సలాం చెప్పి ఎవరి దారిన వారు వెళ్లిపోతారు. నెలకు ఒక ఆదివారం రెండు గంటలు మస్జిదు పక్క గదిలో ఇలాంటి అనుభవజ్ఞులు నలుగురు కూర్చుంటే ఖర్చు టీ నీళ్లంత కూడా కాదు. వచ్చినవారి చదువు, అనుభవం, ఇంటి పరిస్థితి అడిగి రాసుకోవాలి. బీసీ-ఇ, దూదేకుల వారైతే బీసీ-బి ధ్రువపత్రాలు ఉన్నాయో లేదో చూడాలి. దరఖాస్తు రాయడం నేర్పాలి. పదిహేను రోజుల తర్వాత ఏమైందని ఫోను చేసి అడగాలి. స్త్రీలకు స్త్రీలే విడిగా కూర్చుని సలహా చెప్పే ఏర్పాటు ఉండాలి. విన్నది ఆ గది దాటకూడదు.

జకాత్ నిధి నుంచి పేదవాడికి నెల సరుకులు ఇవ్వడం పుణ్యకార్యమే. అర్హుడైనవాడు పని నేర్చుకుని, మరుసటి సంవత్సరం తానే జకాత్ ఇచ్చే స్థితికి వచ్చేలా చేయడం అంతకంటే దూరం వెళ్లే పుణ్యం.

తల్లిదండ్రులకు మేము చెప్పదలచింది ఒక్కటే. మీ కొడుకో కూతురో పని నచ్చడం లేదని మీ దగ్గరకు వస్తే, వెంటనే తీర్పు చెప్పకండి. వినండి. ఏం నచ్చలేదో అడగండి. మీకు తెలిస్తే చెప్పండి, తెలియకపోతే తెలిసినవారి దగ్గరకు తోడు వెళ్లండి. యువతీ యువకులకు చెప్పేది కూడా ఒక్కటే. కోపంతో వదలకండి, భయంతో ఊరుకోకండి. చేతిలో పని ఉండగానే అడగండి.

అల్లాహ్ మనందరికీ ధర్మసమ్మతమైన, మనసుకు నిమ్మళాన్నిచ్చే ఉపాధిని ప్రసాదించుగాక! ఒకరికొకరం నమ్మకమైన సలహాదారులుగా నిలిచే భాగ్యం కలిగించుగాక! ఆమీన్.